బొమ్మల పుస్తకాల అవతలి పిల్లలు

సోవియట్ పిల్లల పుస్తకాల మీద ఇంకో జ్ఞాపకాల వ్యాసం చదివాను. రాదుగ వాళ్ళ బొమ్మలు, విశాలాంధ్ర షాపు, చివర్లో 1991 తర్వాత అవి రావడం ఆగిపోయిందన్న నిట్టూర్పు. మా తరానికి అవి ఎక్కువగా పీడీఎఫ్‌లుగానే దొరికాయి. అయినా మేమూ అదే నిట్టూరుస్తాం. నా గొడవ ఒక్కటే: ఆ పుస్తకాలు మొదట ఎవరికోసం రాశారో, ఆ పిల్లలు ఏమయ్యారని ఒక్కరూ అడగరేం?

1992 జనవరి 2న రష్యాలో చాలావరకు ధరల మీద నియంత్రణ ఎత్తేశారు. ఆ ఒక్క ఏడాదిలో ధరలు 25 రెట్లకు పైగా పెరిగాయి. అమ్మమ్మలు దాచుకున్న డబ్బు దేనికీ కొరగాకుండా పోయింది. ఫ్యాక్టరీలు నెలల తరబడి జీతాలివ్వలేదు, తాము నడిపే కిండర్‌గార్టెన్లను వదిలించుకున్నాయి. 1990లో 64 ఏళ్ళ దగ్గరున్న మగవాళ్ళ సగటు ఆయుర్దాయం 1994కల్లా 58 లోపుకి పడిపోయింది. ఎన్ని ఇళ్ళలో నాన్నలు పోయుంటారో ఆలోచించండి. అనాథాశ్రమాల్లో చేరిన పిల్లల్లో ఎక్కువమందికి అమ్మో నాన్నో బతికే ఉన్నారు. రష్యన్‌లో వీళ్ళకి పేరు కూడా ఉంది: సామాజిక అనాథలు.

కమ్యూనిజం పోతే ఇంతేనని చేతులు దులుపుకునే పెద్దలకూ ఒక మాట. ఇంట్లో కంటే సర్కారు బాగా పెంచుతుందన్న నమ్మకం, ఆ పెద్ద పెద్ద ఆశ్రమాలు, పాత వ్యవస్థవే. రొమేనియాలో జనాభా పెంచాలని చౌసెస్కు 1966లో అబార్షన్లను దాదాపు నిషేధించాడు. 1989లో అతను కూలేనాటికి అక్కడి ఆశ్రమాల్లో లక్షమంది దాకా పిల్లలున్నారు.

మార్కెట్ భక్తులేమో మార్పన్నాక నొప్పి తప్పదంటారు. చెక్ దేశం కూడా అదే సమయంలో మార్కెట్‌కి మారింది. కానీ కుటుంబాలకిచ్చే సాయాన్ని పూర్తిగా వదిలెయ్యలేదు. అక్కడ పేదరికం రష్యాలోలా పెరగలేదు. అంటే పిల్లల ఆకలిని ఎవరో కూర్చుని నిర్ణయించారు. అది వానో వరదో కాదు.

ఆ రోజుల్ని బతికినవాళ్ళ మాటలు స్వెత్లానా అలెక్సియేవిచ్ 'సెకండ్‌హ్యాండ్ టైమ్'లో ఉన్నాయి. నాస్టాల్జియా వ్యాసం రాసే ముందు దాన్ని చదవండి. చదివాక కూడా నిట్టూర్పు పుస్తకాల కోసమే వస్తే, రానివ్వండి. కానీ అప్పుడు మనం ప్రేమించింది పుస్తకాలనే అని ఒప్పుకుందాం. ఆ పిల్లల్ని ప్రేమించామని చెప్పుకోవద్దు.