గ్రీన్‌కార్డ్ జేబులో ఉంది.. మరి లెక్క?

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో పుష్పక్ బస్సు దిగుతూ ఓ తమ్ముడు ధీమాగా అన్నాడు: "ఆర్నెల్లకోసారి వెళ్లి మొహం చూపించి వస్తా అన్నా. గ్రీన్‌కార్డ్ సేఫ్, సిటిజన్‌షిప్పూ సేఫ్." మొదటిదానికే గ్యారంటీ లేదు. అసలు ఇల్లు ఇండియాలోనే అని ఆఫీసరుకి అనిపిస్తే కార్డుకే ఎసరు.

మనోడు అమెరికన్ కంపెనీ ఉద్యోగి. అమ్మకు బాగోలేదని రెండేళ్లకు హైదరాబాద్ ఆఫీసుకి బదిలీ అడిగి వచ్చాడు.

కార్డు నిలబెట్టుకోవడం వేరు, పౌరసత్వం లెక్క నిలబెట్టుకోవడం వేరు. మామూలుగా 5 ఏళ్లు అమెరికా నివాసం తెగకూడదు, అందులో 30 నెలలు మనిషి అక్కడే ఉండాలి. ఒకే ట్రిప్పు 6 నెలలు దాటితే నివాసం తెగిందనే అనుకుంటారు, కాదని మనమే నిరూపించుకోవాలి. ఏడాది నిండితే తెగినట్టే.

రీఎంట్రీ పర్మిట్ ఉందిగా అంటారా? అది తిరిగి లోపలికి వెళ్లడానికే. పౌరసత్వం లెక్కను కాపాడేది ఎన్-470 అనే ఫారం.

ఇది అందరికీ ఇవ్వరు. అమెరికా ప్రభుత్వం, గుర్తింపు ఉన్న అమెరికన్ పరిశోధన సంస్థ, విదేశీ వ్యాపారం చేసే అమెరికన్ కంపెనీ, లేదా ఆ కంపెనీకి సగానికి మించి వాటా ఉన్న అనుబంధ సంస్థ లాంటి చోట పనిచేయాలి. మాదాపూర్‌లో ఫ్రెండ్ పెట్టిన స్టార్టప్‌లో చేరితే కుదరదు. అసలు ముడి ఇంకోటుంది. గ్రీన్‌కార్డ్ వచ్చాక కనీసం ఏడాది పాటు ఒక్కరోజు కూడా దేశం దాటకుండా అక్కడే ఉండి ఉండాలి. అక్క పెళ్లికని వారం వచ్చిపోయినా కౌంటు మళ్లీ మొదటికే. కార్డు చేతికి రాగానే మనవాళ్లు చేసే మొదటి పనేంటి? ఇండియాకి టికెట్ బుక్ చేయడం!

ఫారం కూడా బయట వరుసగా ఏడాది నిండకముందే వేయాలి. అది ఓకే అయినా ప్రైవేటు ఉద్యోగికి 30 నెలల రూలు పోదు. రెండేళ్లు ఇక్కడుంటే అరవైలో ఇంకా 36 నెలలు మిగులుతాయి, పర్లేదు. "అమ్మ దగ్గర ఇంకో ఏడాది" అన్నాడో, మిగిలేది 24. అక్కడ దొరికిపోతాడు.

"ఎలాగూ వెళ్తున్నావ్ కదా, రీఎంట్రీ పర్మిట్‌కి అక్కడున్నప్పుడే అప్లై చెయ్యి. ఇక్కణ్నుంచి కుదరదు. ట్యాక్స్ కాగితాల్లో నాన్‌రెసిడెంట్ అని మాత్రం రాయకు. ముందు ఓ ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించు" అన్నా.

"ఆ ఏడాది నాకుందా అన్నా?" అన్నాడు. ట్రాలీ అక్కడే ఆపి, పాస్‌పోర్టు తీసి పాత స్టాంపుల తేదీలు వెతుకుతున్నాడు.