బ్రేకు గట్టిగా ఉండాలని ఎవరు చెప్పారు?

మొన్నామధ్య ఓ ఆదివారం పొద్దున్నే మా అంబాసిడర్ ని బయటికి తీశాం. 79 మోడల్. నాన్న తొంభైల్లో సెకండ్ హ్యాండ్ లో కొన్నారు, అమ్మమంటే అన్నం మానేస్తారు కాబట్టి ఇంకా ఉంది. నడిపేది నేను, పక్కన కూర్చుని గేర్లు మార్చేది (గాల్లో) ఆయన.

అంతకు రెండ్రోజుల ముందే బ్రేకు పని చేయించాం. పెడల్ చాలా కిందకి పోతోందని చెబితే మెకానిక్ ఓ గంటలో తిప్పి పంపించాడు. "చూడండి సార్, గిట్ల ముట్టుకుంటే అట్ల పడ్తది" అన్నాడు. నిజమే, కాలు ఆనిస్తే చాలు, రాయిలా ఉంది. నాన్న మహా సంతోషపడి పైన ఇంకో వంద ఇచ్చారు. నేనూ సంతోషపడ్డాను, అది చెప్పకపోతే అబద్ధమవుతుంది.

మైత్రీవనం నుంచి పంజాగుట్ట దాకా ఎంత దూరం? రెండు కిలోమీటర్లకి అటూ ఇటూ. ఆదివారమైనా మెట్రో స్తంభాల కింద బస్సులు, ఆటోలు, అడ్డంగా దాటే జనం. ఓ ముప్ఫై నలభై సార్లు బ్రేకు తొక్కి ఉంటాను. అమీర్ పేట స్టేషన్ దాటేసరికి బండి బరువుగా అనిపించింది. యాక్సిలరేటర్ తొక్కుతున్నా ఎవరో వెనక నుంచి పట్టుకు లాగుతున్నట్టు. పంజాగుట్ట చౌరస్తాలో సిగ్నల్ పడి ఆగి, మళ్ళీ కదలబోతే కదల్లేదు! వెనకాల హారన్ల మోత. ఎలాగో ఈడ్చుకుంటూ నిమ్స్ గోడ పక్కకి చేర్చేసరికి ముందు చక్రాల దగ్గర కాలిన వాసన. "కంగారు పడకు రా, చల్లబడితే అదే వదుల్తుంది" అన్నారు నాన్న. ముప్పావుగంటకి వదిలింది కూడా. అదే ఏ ఫ్లైఓవర్ మీదో, వెనకాల సిటీ బస్సు ఉండగా పట్టేసి ఉంటే? ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఇంతకీ జరిగిందేమిటంటే, పెడల్ కీ మాస్టర్ సిలిండర్ లోని పిస్టన్ కీ మధ్య ఓ పుష్ రాడ్ ఉంటుంది. పొడవు మార్చుకునేలా మర, లాక్ నట్ ఉంటాయి. మనం కాలు తీసేసినప్పుడు ఆ రాడ్ కొస పిస్టన్ ని నెట్టకూడదు, మధ్యలో కాస్త ఖాళీ ఉండాలి. మెకానిక్ లు దాన్నే 'ప్లే' అంటారు. ఎందుకూ అంటే, పిస్టన్ పూర్తిగా వెనక్కొచ్చినప్పుడే దాని రబ్బరు వాషర్ ముందు ఒక సూది బెజ్జం తెరుచుకుంటుంది. బ్రేకులు వేడెక్కి ఆయిల్ వ్యాకోచించినప్పుడు ఎక్కువైన ఆయిల్ ఆ బెజ్జంలోంచే డబ్బాలోకి వెళ్ళిపోవాలి. రాడ్ పొడవైతే వాషర్ ఆ బెజ్జం మీదే కూర్చుంటుంది. ఆయిల్ కి దారి లేదు. తొక్కిన కొద్దీ వేడి, వేడెక్కిన కొద్దీ ఒత్తిడి, ఒత్తిడికి లైనర్లు డ్రమ్ కి రాసుకుని ఇంకా వేడి. చివరికి మనం తొక్కకుండానే బ్రేకు పడిపోతుంది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే మెమరీ లీక్. షెడ్డులో టెస్ట్ చేస్తే దొరకదు, ప్రొడక్షన్ లోనే బయటపడుతుంది.

ఆ ఖాళీ ఎంతనుకున్నారు? పెడల్ నిష్పత్తి ఐదుకి ఒకటి అనుకుంటే రాడ్ దగ్గర 1 మిల్లీమీటరు పాదం దగ్గర 5 మిల్లీమీటర్లు. అంతే. (ఏ కారుకి ఎంతో ఆ కారు మాన్యువల్ చూసుకోవాలి, నా అంకె పట్టుకుని పానా తీసుకోకండి.) ఆ కాస్త ఖాళీని చూసి "లూజుగా ఉంది" అనేస్తాం.

నా కోపం మెకానిక్ మీద కంటే మనమీదే ఎక్కువ. మనం షెడ్డుకెళ్ళి అడిగేదేమిటి? "పెడల్ పైకి రావాలి, గట్టిగా ఉండాలి". అతను అదే చేసిచ్చాడు, మనం బక్షీస్ కూడా ఇచ్చాం. నిజానికి నాలుగు చక్రాలకీ డ్రమ్ములున్న ఇలాంటి పాత బళ్ళలో పెడల్ కిందకి పోయిందంటే ముందు అనుమానించాల్సింది లైనర్లని. అవి అరిగి డ్రమ్ కి దూరమవుతాయి. ఒక్కో చక్రం జాకీ మీద లేపి, లైనర్లని అడ్జస్టర్ తో దగ్గరికి తేవాలి. తర్వాత గొట్టాల్లో ఎయిర్ తీయాలి. రాడ్ జోలికి వెళ్ళేది ఆఖర్న. కానీ చక్రాల పనికి సగం రోజు, రాడ్ తిప్పడానికి పది నిమిషాలు. ఏది చేస్తారో చెప్పాలా? పైగా ఇప్పటి కుర్రాళ్ళు నేర్చుకున్నదంతా డిస్కులూ, సర్వో బ్రేకులూ ఉన్న బళ్ళ మీద. అంబాసిడర్ తయారీ ఉత్తరపారాలో 2014 లోనే ఆగిపోయింది. అమీర్ పేటలో నెలరోజుల్లో ఏ సాఫ్ట్ వేర్ కోర్సు కావాలన్నా దొరుకుతుంది గానీ డ్రమ్ బ్రేకు సర్దడం నేర్పే బోర్డు ఒక్కటీ కనబడదు.

మర్నాడు సెలవు పెట్టి నేనే కూర్చున్నాను. ముందు చక్రం జాకీ మీద లేపి, నాన్నని ఓ ఇరవై సార్లు బ్రేకు తొక్కి వదలమన్నాను. చక్రం బిగుసుకుంది. ఎయిర్ తీసే నిపుల్ కాస్త వదులు చేశాను. ఆయిల్ చివ్వున కొట్టింది, చక్రం తిరిగింది. అంటే తప్పు లైనర్లదీ స్ప్రింగులదీ కాదు, ఒత్తిడి లోపలే చిక్కుకుపోతోందన్నమాట. (నిపుల్ విప్పినా చక్రం వదలకపోతే మాత్రం డ్రమ్ లోపల చూడాలి.) డబ్బా మూత తీసి, పెడల్ మెల్లిగా నొక్కమన్నాను. బెజ్జం తెరిచి ఉంటే మొదట్లోనే ఆయిల్ చిన్నగా పైకి చిమ్మాలి. ఏమీ లేదు, నిశ్చలంగా చెరువులా ఉంది.

ముందు నాలుగు చక్రాల లైనర్లూ చూసుకున్నాను. ముందువి రెండూ బాగా దూరంగా ఉన్నాయి. షెడ్డులో వాటిని ముట్టుకోనే లేదు. తర్వాతే లాక్ నట్ వదులు చేసి రాడ్ ని కొద్దికొద్దిగా పొట్టి చేశాను. వేలితో పెడల్ నొక్కితే కొంచెం ఉత్తినే కదిలి, ఆ తర్వాత పిస్టన్ తగిలినట్టు తెలియాలి. పెడల్ తన స్ప్రింగుతో పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో కూడా చూడాలి. కింద మ్యాట్ అడ్డుపడినా ఇదే రోగం వస్తుంది. మళ్ళీ మూత తీసి చూస్తే ఆయిల్ చిమ్మింది. నాన్న ఎగిరి గంతేసినంత పని చేశారు.

అలాగని ఖాళీ మరీ వదిలేయకూడదు. పెడల్ సగం దూరం వృథాగా పోతుంది. మా బండికి సింగిల్ సర్క్యూట్, ఎక్కడ కారినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. అప్పుడు మిగిలిన ఆ కాస్త పెడలే దిక్కు.

ఇప్పుడు పెడల్ మునుపంత రాయిలా లేదు. మొన్న ఎక్కిన మా బాబాయి "ఇదేంట్రా, మెత్తగా ఉంది, షెడ్డుకి తీసుకెళ్ళు" అన్నారు. నాన్న నావైపు చూశారు. నేనేమీ మాట్లాడలేదు. ఎడమ వెనక చక్రం దగ్గర మాత్రం కాస్త తడి కనిపిస్తోంది, ఈ ఆదివారం ఆ సిలిండర్ విప్పాలి.