టామీఫ్లూ బీరువాలో దాచుకునే మందు కాదు

2009 మే నెలలో దేశంలోనే మొదటి స్వైన్‌ఫ్లూ కేసు హైదరాబాదులో బయటపడింది. టామీఫ్లూ పేరు అందరికీ తెలిసింది అప్పుడే. ముందుజాగ్రత్తకని ఆ మాత్రలు ఇంట్లో దాచుకోవడం సరికాదని మా అభిప్రాయం. రోగితో దగ్గరగా మెలిగి, ప్రమాదం ఎక్కువున్న కొందరికే డాక్టర్లు వాటిని నివారణకు ఇస్తారు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కుటుంబాలకు మా మనవి: జబ్బు మొదలైన 48 గంటల్లోపు వాడితేనే ఈ మందు బాగా పనిచేస్తుంది. యాంటీబయాటిక్ ఫ్లూ వైరస్‌ను చంపదు. కనుక మెడికల్ షాపు మాత్రలతో రోజులు గడపకండి. గర్భిణులు, వృద్ధులు, పసిపిల్లలు, షుగరు, ఆస్తమా ఉన్నవారు జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులు రాగానే డాక్టరుకు చూపించుకోవాలి.

అసలైన నివారణ ఏటా వేయించుకునే టీకా, సబ్బుతో చేతులు కడుక్కునే అలవాటు. జ్వరమున్నప్పుడు ఆదివారం ఆరాధనకు రాకుండా ఇంట్లో ఉండటం కూడా పొరుగువారిని ప్రేమించడమే.