వెక్కిరించని నవ్వు



సంఘ పత్రికలో సినిమా సంగతులేమిటని కొందరు పెద్దలు అడుగుతారని మాకు తెలుసు. సినిమాలు చూడమని చెప్పడానికి ఇది వ్రాయడం లేదు. నవ్వును గురించి, ఒక తల్లిని గురించి చెప్పాలని వ్రాస్తున్నాము.

ఒక క్రిస్మస్ రాత్రి కృష్ణా డెల్టాలోని ఒక పల్లె సంఘానికి వెళ్లాము. యౌవనస్థులు హాస్యనాటిక వేశారు. ఒక అబ్బాయి చిరిగిన చొక్కా తొడుక్కుని, నత్తిగా మాట్లాడే కూలివాని వేషం కట్టాడు. అందరూ పగలబడి నవ్వారు. మేమూ నవ్వాము. అంతలో స్త్రీల వైపు చూస్తే ఒక తల్లి ముసుగు ముందుకు లాక్కుని, తల వంచుకుని కూర్చుంది. ఆమె పక్కనే ఆమె కొడుకు. ఆ పిల్లవానికి నిజంగానే నత్తి. కేకు పంచే వేళకు వాళ్లిద్దరూ అక్కడ లేరు.

ఆ రాత్రి నిద్ర పట్టక, ఎప్పుడో చదివిన చార్లీ చాప్లిన్ జీవితకథ గుర్తు చేసుకున్నాము.

మన బెజవాడలో పోతిన శ్రీనివాసరావు గారు మారుతి సినిమా హాలు కట్టించింది 1921లో. ఆంధ్రదేశంలోని తొలి హాళ్లలో అదొకటి. అప్పటి బొమ్మలకు మాటలు లేవు. తెర పక్కన ఒకరు నిలబడి, జరిగేదంతా తెలుగులో చెప్పేవారు. 1949లో 'గుణసుందరి కథ'లో కథానాయకుడైన హాస్యనటుడు కస్తూరి శివరావు గారు మూకీల కాలంలో అటువంటి వ్యాఖ్యాతగా పనిచేసినవారే. గాని చాప్లిన్ నవ్వుకు వ్యాఖ్యానం పెద్దగా అక్కరలేదు. చదువు రానివారికి, పసిపిల్లలకు కూడా అది అర్థమయ్యేది.

ఆయన 1889 ఏప్రిల్ 16న ఇంగ్లండులో పుట్టాడు. తల్లిదండ్రులిద్దరూ పాటలు పాడి బ్రతికేవారు. తండ్రి త్రాగుడుకు బానిసై ఇల్లు వదిలిపెట్టాడు, 38 ఏళ్లకే చనిపోయాడు. తల్లి హన్నాకు గొంతు పోయింది. కుట్టుమిషను మీద బట్టలు కుట్టి పిల్లలను పోషించింది. అదీ చాలక, చార్లీ ఏడేళ్ల వయస్సులో ముగ్గురూ లండనులోని బీదల శరణాలయంలో చేరవలసి వచ్చింది. తరువాత ఆమెకు మతి స్థిమితం తప్పింది.

ఆ కష్టదినాల్లో ఒక సాయంకాలం జరిగిన సంగతిని చాప్లిన్ 1964లో వెలువడిన తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. నేలమాళిగ గదిలో అతడు జ్వరం నుండి కోలుకుంటూ పడుకుని ఉన్నాడు. తల్లి కిటికీ దగ్గర కూర్చుని క్రొత్త నిబంధన చదివి వినిపించింది. ఊరకే చదవలేదు. ఒక్కొక్కరి మాటను, చూపును అభినయించి చూపించింది. పేదవారిపట్ల, పసిపిల్లలపట్ల యేసుప్రభువు చూపిన ప్రేమను, జాలిని వివరిస్తూ కన్నీళ్లు పెట్టుకుంది. తనలో దయ అనే దీపాన్ని ఆ చీకటి గదిలో వెలిగించింది అమ్మేనని ఆయన సాక్ష్యం.

ఆ దీపపు వెలుగు ఆయన చిత్రాల్లో కనబడుతుంది. 1914లో బిగుతు కోటు, వదులు ప్యాంటు, పెద్ద బూట్లు, చిన్న టోపీ, చేతికర్రతో ఒక దేశదిమ్మరి వేషం కట్టాడు. వాడు ఆకలితో ఉంటాడు, గాని మర్యాద వదలడు. 1921లో వచ్చిన 'ది కిడ్'లో ఎవరో వదిలివెళ్లిన పసివాణ్ణి తెచ్చి పెంచుతాడు. 1925 నాటి 'ది గోల్డ్ రష్'లో ఆకలికి తాళలేక బూటును ఉడకబెట్టుకుని, విందు భోజనంలా తింటాడు. 1931లో వచ్చిన 'సిటీ లైట్స్'లో చూపులేని పూలమ్మాయి కళ్లకోసం పాట్లుపడి, జైలుకు కూడా పోతాడు. మనం నవ్వుతాము, గాని ఆ పేదవాడు మన కంటికి చులకన కాడు. నవ్వి నవ్వి, చివరకు వానికోసం కన్నీరు పెడతాము.

మాటల చిత్రాలు వచ్చాక కూడా ఆయన చాలాకాలం మౌనాన్నే నమ్ముకున్నాడు. 1940లో నోరు విప్పినప్పుడు హిట్లరు వంటి నియంతను ఎగతాళి చేశాడు. బలవంతుణ్ణి చూసి నవ్వించాడు, బలహీనుణ్ణి చూసి కాదు. మాటలు లేకుండా కథ చెప్పవచ్చుననే ఆ విద్య మన తెలుగు దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు గారు 1987లో తీసిన 'పుష్పక విమానం' వరకు బ్రతికే ఉంది.

ఆయన భక్తుడని మేము చెప్పడం లేదు. మూడు వివాహాలు విడాకులతో ముగిశాయి. ఆ జీవితం మనకు మాదిరి కాదు. అయినా 1921లో తల్లిని అమెరికాకు రప్పించుకుని, 1928లో ఆమె మరణించేవరకు చూసుకున్నాడు. ఆయన 1977లో, సరిగ్గా క్రిస్మస్ దినాన కన్నుమూశాడు.

తల్లులారా, మీకు ఒక మాట. పొలం పని చేసి వచ్చి, అలసిన గొంతుతో మీరు బిడ్డకు వినిపించే వాక్యం ఎక్కడికి పోతుందో మీకు తెలియదు. చదివి ఊరుకోక, యేసయ్య జాలిని వారి కళ్లకు కట్టించండి.

యౌవనస్థులారా, నవ్వడానికీ కాలమున్నదని ప్రసంగి చెప్పాడు. గాని సామెతలు 17:5 కూడా చదవండి. బీదవాణ్ణి వెక్కిరిస్తే అది అతణ్ణి చేసిన దేవునికే తగులుతుంది. ఈసారి క్రిస్మస్ నాటిక వ్రాసేటప్పుడు, ఎవరిని చూసి నవ్విస్తున్నామో ముందుగా ఆలోచించండి.

ఆ పండుగ మరునాడు, వేషం కట్టిన అబ్బాయిని వెంటబెట్టుకుని మేము ఆ తల్లి ఇంటికి వెళ్లాము. ఆ అబ్బాయి క్షమించమన్నాడు. మేమూ అడిగాము. ఆమె మంచం వాల్చి, కూర్చోమని మంచినీళ్లిచ్చింది. కొంతసేపటికి, "నవ్వొద్దని కాదయ్యగారూ, మావాడూ నవ్వాలిగా," అంది.

ప్రభువు మన ఇండ్లను అటువంటి నవ్వుతో నింపును గాక. ఆమేన్.