బదులిచ్చే ముఖం

నెల్లూరు తీరాన జువ్వలదిన్నెలో మగవాళ్లు పడవలెక్కి వేటకు వెళ్తే, చేపల గంపతో అమ్మకానికి బయల్దేరే తల్లి చంటిబిడ్డను అవ్వ ఒళ్లో వదలాల్సిందే. అలాంటి తల్లిని తప్పుపట్టే నోళ్లు మన సంఘాల్లోనూ ఉన్నాయి. అయితే బిడ్డ లెక్కపెట్టేది గంటలను కాదు. తానొక చూపు చూస్తే, ‘ఊ’ అంటే ఎదుటి ముఖం బదులిస్తోందా అన్నదే దానికి కావాలి. ఆ ముఖం అవ్వదైనా సరే.

అప్పుడే పుట్టిన శిశువుకు జానెడున్నర దూరం దాటితే చూపు సరిగా ఆనదు. పాలిచ్చే తల్లి ముఖం అంత దూరంలోనే ఉంటుంది! ఎంత చక్కని దేవుని ఏర్పాటు!

1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికా శాస్త్రవేత్త, బిడ్డను ఆడిస్తున్న తల్లులను కాసేపు ఏ భావమూ లేని ముఖంతో కూర్చోమన్నాడు. పిల్లలు నవ్వి చూశారు, చేతులు చాచారు, చివరికి ముఖం తిప్పేసుకున్నారు. తల్లి ఎదురుగానే ఉంది. అయినా బిడ్డ ఒంటరిదైపోయింది. చేతిలో సెల్‌ఫోన్ ఉన్నప్పుడు మన ముఖాలు ఎలా ఉంటున్నాయి?

ముఖం దాచుకోవద్దని దావీదు దేవుణ్ణి బతిమాలింది 27వ కీర్తనలో. సంఖ్యాకాండము 6వ అధ్యాయంలో అహరోను పలకవలసిన దీవెనలో ధనధాన్యాల ఊసే లేదు. దేవుడు తన ముఖాన్ని మనవైపు తిప్పడమే ఆ దీవెన. ఆరాధన ముగింపులో దాన్ని తలవంచి అందుకుంటాం. సరిగ్గా అప్పుడే వెనక వరుసలో పసిబిడ్డ ఏడిస్తే, తల్లివైపు చిరాగ్గా తిరిగే ముఖాలెన్నో! లేచి వెళ్లి ఆ బిడ్డను ఎత్తుకునే తండ్రులు మాత్రం అరుదు.