మన వాడకు మనమే మార్కులేసుకుంటే

హెచ్‌ఐవీ మీద ఊళ్లో ఏం జరుగుతోందంటే రిజిస్టర్ తెరుస్తారు. ఇన్ని పరీక్షలు, ఇంతమందికి ఏఆర్‌టీ మందులు. అది సర్కారు లెక్క. మన లెక్క?

'ఎయిడ్స్ కాంపిటెన్స్' పద్ధతిలో ఊరివాళ్లే కూర్చుని తమకు తాము 1 నుంచి 5 దాకా మార్కులేసుకుంటారు. మా వాడలోనూ కూర్చున్నాం. కుర్రాళ్లు 4 అన్నారు. తన జబ్బు సంగతి ఏనాడూ దాచుకోని మా వదిన లేచి, "మీ ఇళ్లలో నాకు ఏ గ్లాసులో నీళ్లిచ్చారు?" అంది. అందరం తలలు దించుకున్నాం, నాతో సహా.

హోటళ్లలో రెండు గ్లాసుల మీద కొట్లాడినోళ్లం కదా మనం! వివక్షను 2017 చట్టం నిషేధించింది, సరే. మన వంటింటి సంగతేంటి? నన్నడిగితే, ఆమె లాంటివాళ్లు వేయని మార్కు మార్కే కాదు. 4 కొట్టేసి 1 రాశాం. వచ్చే నెల మళ్లీ కూర్చుంటాం. ముందు మార్కు వదినదే.