ఎదుటివాడి చాల్ కూడా మనమే ఆడేస్తున్నాం



ఈసారి షత్రంజ్ గురించి మాట్లాడుకుందాం. కోనేరు హంపి, పెంటేల హరికృష్ణ లాంటి ఉస్తాదుల ఆట గురించి కాదు, నాలాంటి మామూలు ఆటగాడి గురించి. మా బుచ్చిరెడ్డిపాలెంలో ఇతవార్ నాడు అసర్ తర్వాత బోర్డు పరిచి, మగ్రిబ్ అజాన్ వినపడగానే ముక్కలు డబ్బాలో పోసేసే బాపతు వాళ్ళం మేం. అలాంటివాడి దిమాగ్‌లో ఆ గంటసేపు ఏం నడుస్తుందో గమనిస్తే, మన ఇళ్ళల్లో పెద్ద పెద్ద ఫైసలాలు ఎక్కడ గాడి తప్పుతున్నాయో తెలుస్తుందని నా రాయ్.

ముందు ఒక గలత్‌ఫెహ్మీ తీసేద్దాం. పెద్ద ఆటగాళ్ళు ఇరవై ఎత్తులు ముందుకు చూస్తారు, మనం రెండే చూస్తాం, అందుకే ఓడిపోతాం అని అందరూ అనుకుంటారు. అడ్రియాన్ డి గ్రూట్ అనే డచ్ సైకాలజిస్టు ఈ సంగతి మీద పనిచేసి 1946లో పుస్తకం వేశాడు. ఉస్తాదుల ముందు, మామూలు ఆటగాళ్ళ ముందు ఒకే బోర్డు పెట్టి, ‘ఏం ఆలోచిస్తున్నారో పైకి చెప్పండి’ అన్నాడు. ఎంత లోతుకు చూస్తున్నారన్న దాంట్లో ఇద్దరికీ మనం అనుకునేంత ఫరఖ్ లేదని తేలింది. ఉస్తాద్‌కి చూడాల్సిన ఎత్తు మీదికే నజర్ పోతోంది. మామూలు ఆటగాడు అదే మెహనత్ పనికిరాని ఎత్తుల మీద పెడుతున్నాడు.

మరి మామూలోడి నజర్ ఎక్కడికి పోతుంది? తన ముక్కల మీదికే. ‘నేను ఇక్కడికి వెళ్తా, వాడు అది కదుపుతాడు, అప్పుడు నేను ఇది కొడతా, అయిపోయింది’ అనుకుంటాడు. ఈ లెక్కలో ‘వాడు అది కదుపుతాడు’ అన్న మాట ఎక్కడిది? వాడు చెప్పాడా? లేదు. మనకు ఏది కావాలో అదే వాడి చేత కదిలిస్తున్నాం. అంటే మన చాల్ మనమే ఆడుతున్నాం, ఎదుటివాడి చాల్ కూడా మనమే ఆడేస్తున్నాం. ఇక గెలవకుండా ఎట్లా ఉంటాం, ఖయాల్‌లో!

పోయిన నెల మా మామూతో ఒక బాజీ నడిచింది. రైస్ మిల్లులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి, నిమ్మళంగా ఆడతాడు. నా బాద్‌షా ఇంకా మొదటి గడిలోనే ఉన్నాడు, పక్కనే వజీర్. అవతల మామూ ప్యాదా ఒకటి కాపలా లేకుండా నిలబడి ఉంది. నా వజీర్‌కి దారి సాఫ్‌గా ఉంది, పోయి తినేయొచ్చు. చెయ్యి వజీర్ దాకా వెళ్ళింది. అప్పుడు నన్ను నేనే అడిగాను: మామూ ఘోడా బోర్డు నడిమధ్యకి ఎందుకొచ్చి నిలబడింది? ఆయనకేం కావాలి?

జవాబు అక్కడే ఉంది. నా వజీర్ ఒక ప్యాదాకి కాపలా కాస్తోంది. అది కదిలిందంటే మామూ ఘోడా ఆ ప్యాదాని తిని, ఒకే దెబ్బకి బాద్‌షాకి షహ్ చెప్పి, మూలనున్న నా హాథీ మీద కూడా కన్నేస్తుంది. బాద్‌షా తప్పుకోక తప్పదు, హాథీ పోక తప్పదు. ఆ ఊరికే వచ్చిన ప్యాదా ఖరీదు ఒక హాథీ అన్నమాట. వజీర్‌ని వదిలేసి, ఘోడా కన్నేసిన ఆ ప్యాదానే ఒక గడి ముందుకు తోశాను. ఘోడా వెనక్కి పోవాల్సి వచ్చింది. మామూ నవ్వి, ‘చూసేసినావా రా బేటా’ అన్నాడు. ఆట చివరికి బరాబర్ అయింది.

ఇందులో నా హునర్ ఏమీ లేదు. ఒక్క సవాల్ అంతే: ‘ఎదుటివాడికి ఏం కావాలి?’ అమెరికన్ కోచ్ డాన్ హైస్‌మన్ దీనికి ఉల్టా ఆటకి ‘హోప్ చెస్’ అని పేరు పెట్టాడు, మన జుబాన్‌లో ఉమ్మీద్ మీద ఆడటం. నేను ఈ ఎత్తు వేస్తే వాడు షహ్ చెప్పినా, ముక్క కొట్టినా, బెదిరించినా నా దగ్గర జవాబ్ ఉందా అని చూసుకోకుండా కదిపేయడం. తర్వాత సంగతి తర్వాత.

ఇప్పుడు బోర్డు పక్కన పెట్టి మన ఇళ్ళల్లోకి చూడండి. కువైట్ పోవాలని ఒక నౌజవాన్ నిర్ణయించుకుంటాడు. ‘రెండేళ్ళు చేస్తా, అప్పు తీరుస్తా, చెల్లి షాదీ చేస్తా, ఇల్లు కడతా.’ నాలుగూ వాడి చాల్‌లే. ఏజెంట్‌కి ఏం కావాలి? అక్కడి కఫీల్ ఏం చేయగలడు? కాగితం మీద రాసిన పని ఏంది, నోటితో చెప్పిన పని ఏంది? పాస్‌పోర్ట్ ఎవరి దగ్గర ఉంటుంది? ఈ సవాళ్ళు అడిగిన వాడిని ‘మనహూస్ మాటలు మాట్లాడకు’ అని కసురుతాం.

రిష్తా సంగతీ అంతే. ‘లడ్కావాలోళ్ళు మంచోళ్ళు, ఏమీ అడగలేదు’ అని ఖుష్ అయిపోతాం. అడగలేదంటే వద్దనేనా? రస్మ్ దగ్గరపడ్డాక అడుగుతారా? పిల్ల చదువు ఆగిపోదని ఎవరు మాటిచ్చారు? ఫోన్లో పది నిమిషాల్లో అప్పు ఇచ్చే యాప్ చూసినా, ‘నెల తిరిగేలోపు కట్టేస్తా’ అన్న మన చాల్ ఒక్కటే కనపడుతుంది. పది నిమిషాల్లో ఇవ్వడంలో వాడికేం ఫాయిదా అన్నది కనపడదు. అల్లాహ్ మీద తవక్కుల్ వేరు, ఎదుటివాడి చాల్ చూడకపోవడం వేరు. ఒంటెను కట్టేసి తవక్కుల్ చెయ్యమన్న హదీస్ మనందరికీ తెలిసిందే.

అందుకే మన బచ్చేలకు షత్రంజ్ నేర్పాలంటాను. గ్రాండ్‌మాస్టర్లు కావాలని కాదు, ఆ ఒక్క సవాల్ ఆదత్ కావాలని.

ఇక్కడ మూడు ఎతరాజ్‌లు వస్తాయి.

మొదటిది దీన్ సంగతి. ఇందులో ఉలమా మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది. మనలో ఎక్కువమంది హనఫీలం. హనఫీ ఉలమా దీన్ని మక్రూహ్ తహ్రీమీ అన్నారు. షాఫయీ మస్లక్‌లో జూదం లేకుండా, నమాజ్ తప్పకుండా ఆడితే హరామ్ కాదు, మక్రూహ్ అన్నారు. నేను ముఫ్తీని కాను. మీ ఆలిమ్ సాబ్‌ని అడిగి, ఆయన మాట మీద నడవండి. పందెం కాస్తే హరామ్ అన్న దాంట్లో మాత్రం ఎవరికీ ఇఖ్తిలాఫ్ లేదు. షత్రంజ్ వద్దని బోర్డు దాచేసిన ఇంట్లోనే పిల్లోడి ఫోన్లో క్రికెట్ బెట్టింగ్ నడుస్తుంటే, ఆ ఇంటి పెద్దలు ముందు దాని ఫిక్ర్ చేయాలి.

రెండోది, వఖ్త్ బర్బాద్. ప్రేమ్‌చంద్ 1924లో రాసిన ‘షత్రంజ్ కే ఖిలాడీ’ని చాలామంది గుర్తుచేస్తారు. సత్యజిత్ రే 1977లో దాన్ని సినిమాగా తీశాడు. 1856లో అవధ్ కంపెనీ చేతుల్లోకి పోతుంటే లక్నోలో ఇద్దరు జాగీర్దార్లు ఆటలో మునిగి ఉంటారు. దిల్‌కి తగిలే కథే. కానీ వాళ్ళ తప్పు ఏంది? గళ్ళ మీద ఎదుటివాడి చాల్ కనిపెట్టారు, వాకిలి బయట కంపెనీ చాల్ కనిపెట్టలేదు. ఆట నేర్పేటప్పుడు బయటి బోర్డు కూడా చూపించాలన్నది ఆ కథలో నాకు దొరికిన సబఖ్.

మూడోది, ఇది బడేలోగ్ ఆట అనేది. భోపాల్‌లో రఫీఖ్ ఖాన్ వడ్రంగి పని చేసుకునే మనిషి. 1980లో మాల్టా ఒలింపియాడ్‌లో తన బోర్డు మీద సిల్వర్ మెడల్ తెచ్చాడు. అంతకుముందు పంజాబ్ నుంచి మీర్ సుల్తాన్ ఖాన్, సర్ ఉమర్ హయాత్ ఖాన్ వెంట లండన్ వెళ్ళాడు. 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. మాజీ ప్రపంచ ఛాంపియన్ కాపబ్లాంకాని కూడా ఓడించాడు. ఆయనకు సబర్ ఉంది. ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకి, 2024లో, ప్రపంచ చెస్ సంస్థ ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ హోదా ఇచ్చింది.

అదే ఉమర్ హయాత్ ఖాన్ ఇంట్లో ఖిద్మత్ చేసే ఫాతిమా అనే అమ్మాయి 1933లో బ్రిటిష్ మహిళల ఛాంపియన్ అయింది. ఈ మాట మా ఇంట్లో చెప్తే తొమ్మిదో క్లాసు చదివే మా భాంజీ అడిగింది: ‘మరి నేను ఎవరితో ఆడాలి మామూ?’ మగపిల్లలకు స్కూల్ ఉంది, టీ అంగడి బల్ల ఉంది, దోస్తులున్నారు. ఆడపిల్లకి ఎదురుగా కూర్చునే మనిషి ఇంట్లోనే దొరకాలి. గుడివాడలో పుట్టిన హంపికి ఆట నేర్పింది వాళ్ళ నాన్నే. 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయి, 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయింది. అబ్బాలూ, మామూలూ, చిచ్చాలూ, మీరే కూర్చోండి. రేపు రిష్తా మాట వచ్చినప్పుడు ‘వాళ్ళకి ఏం కావాలి’ అని అడగాల్సింది ఆ పిల్లే కదా.

ఒక్క షర్త్. ఫోన్లో నిమిషం, మూడు నిమిషాల ఆటలతో ఈ ఆదత్ రాదు. అంత జల్దీలో ‘ఎదుటివాడికి ఏం కావాలి’ అని అడిగే వఖ్తే ఉండదు, చూసేది ముక్కలని కాదు, గడియారాన్ని. ఒక మామూలు బోర్డు కొనండి. మన దగ్గర దొరక్కపోతే నెల్లూరు పోయినప్పుడు తెచ్చుకోవచ్చు. వారానికి ఒక్క బాజీ చాలు, గంటలో అయిపోవాలి, నమాజ్ వేళకి మడిచేయాలి. ప్రతి ఎత్తుకీ ముందు పిల్లల చేత ఎదుటివాళ్ళ ఇరాదా ఏందో నోటితో చెప్పించండి. ఆట అయ్యాక ఓడినవాళ్ళని ముందు మాట్లాడనివ్వండి, ఎక్కడ ఏమనుకుని ఆ ముక్క కదిపారో. మధ్యలో తిట్టకుండా వినండి.